గంగమ్మ చేపకు నేను కట్టిన చెక్క

నేను వాదాల్లో ఓడిపోయిన సందర్భాలున్నాయి. అయితే గొంతు బొంగురుపోయి ఓడాను గాని తర్కం చాలక కాదు. పెళ్లిచూపుల్లో జాతకాల మీద ముప్పావుగంట మాట్లాడి, కాఫీ రాకముందే సాగనంపించుకున్న ఘనత కూడా నాకుంది. వీటిలో ఏదీ నా తల వంచలేదు. నా తల వంచింది ఒక చేప. బతికున్న రోజుల్లో అది నాతో ఒక్క మాట కూడా వాదించలేదు. అయినా నన్ను ఓడించినంత ఘోరంగా ఇంకెవరూ ఓడించలేదు.

ఈ కథ ఇన్నాళ్లూ దాచుకున్నాను. రెండు వారాల కిందట మైకు పట్టుకుని ఒక యూట్యూబు కుర్రజంట మా ఇంటికొచ్చింది. "ఉదయగిరి బావి నుంచి ఆత్మకూరుకు సొరంగం ఉందని సైన్సు ప్రకారం నిరూపించింది మీరే కదండీ మాస్టారూ?" అని అడిగారు. ఇరవై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్నవాణ్ణి. మంచినీళ్లు కావాలా అని అడిగి మాట మార్చేశాను. ఎందుకంటే "కాదు" అంటే అబద్ధం, "అవును" అంటే అంతకంటే పెద్ద అబద్ధం. అలాంటి ఇరుకులో నేనెలా పడ్డానో ఇక మీరే వినండి, విని మీరే నవ్వండి. నవ్వే హక్కు మీకుంది, నాకు లేదు.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. నాకప్పుడు ముప్పై నిండాయి. ఆత్మకూరులో ఒక గదిలో ఉంటూ ట్యూషన్లు చెప్పేవాణ్ణి. సొంతూరు ఉదయగిరిలో మా అవ్వ ఉండేది, నన్ను పెంచింది ఆమే. వారానికి రెండుమూడుసార్లు బస్సు డ్రైవరు చేతికి క్యారియరు ఇచ్చి నాకు కూర పంపించేది. నాకు పుట్టుకతోనే కాలు నిలవని జబ్బు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే చెయ్యి గాల్లో ఎవరినో ఖండిస్తూ ఉంటుంది. ఖండించడానికి ఏమీ దొరక్కపోతే ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు.

అలాంటి ఒక రోజు, ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సులో, ఒక సైన్సు పత్రికలో ధ్రువ సముద్రాల చేపల మీద వ్యాసం చదివాను. చదువుతూ చదువుతూ సీట్లో లేచి నిలబడ్డాను. "స్టాపు ఇంకా రాలేదు, కూర్చో అబ్బయా" అన్నాడు కండక్టరు.

సంగతేమిటంటే, దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో, మంచుపలకల కింద, కిలోమీటరు లోతుకు మించి కూడా మనిషంత పొడుగు చేపలు తిరుగుతుంటాయి. రక్తం గడ్డకట్టకుండా వాటి ఒంట్లోనే ఒక ఏర్పాటు ఉంటుంది. అవి ఎటు పోతాయో, ఎంత లోతుకు దిగుతాయో చూడ్డానికి అక్కడ వెలుగు లేదు, మనిషి లేడు. ఉపగ్రహం పలకరిద్దామన్నా దాని సంకేతం నీళ్లలోకి దిగదు. అందుకని చేపను పట్టి, దాని వీపుకు ఒక చిన్న పరికరం కట్టి వదిలేస్తారు. ముందు ఉబ్బెత్తుగా, వెనక సన్నని తోకలాంటి తీగతో ఉంటుంది అది. చేప ఎటు తిరిగితే అటు తిరిగి లోతునూ చల్లదనాన్నీ రాసుకుంటుంది. అనుకున్న రోజుకు దాని బంధం తెగిపోతుంది. పరికరం పైకి తేలి, రాసుకున్నదంతా ఉపగ్రహానికి చెప్పేస్తుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. చేపకు నంబరున్న బిళ్ల గుచ్చి వదులుతారు. ఎప్పుడైనా ఏ పడవవాళ్లైనా ఆ చేపను పడితే, ఎక్కడ పట్టారో చెప్పి బిళ్ల తిరిగివ్వాలి. దానికోసం ఆ పడవవాళ్లకు ముందే అన్నీ వివరించి ఉంచుతారట.

వ్యాసంలో చివరి పేరా మిగిలింది. ఆత్మకూరు బస్టాండు వచ్చింది. దిగిపోయాను. ఈ చివరి పేరా సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నేను ఎలాగూ పెట్టుకోలేదు.

ఆత్మకూరులో బట్టల కొట్టు మీది గదిలో ఆదివారం ఆదివారం మా చర్చావేదిక జరిగేది. ఆ ఆదివారం ధ్రువ చేపల మీద గంటసేపు మాట్లాడాను. ముప్పైమంది వచ్చారు, ఫ్యాను కింద ఇరవైమంది మేలుకునే ఉన్నారు. ముగింపులో బల్ల గుద్ది అడిగాను: "మంచు కింద కిలోమీటరు లోతులో ఉన్న చేప జాడే మనిషికి తెలిసిపోయింది. ఇంకా మనం చూడనిదాన్ని నమ్ముతూ కూర్చుందామా?"

వెనక బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది. "ఆ దేశం చేప సంగతి బాగానే చెప్పినావు సీనా. మనూరి చేప సంగతేంది?"

ఆయన వెంకురెడ్డి. ఉదయగిరిలో పొలమూ మాటా రెండూ ఉన్న పెద్దాయన. ఏదో పని మీద ఆత్మకూరు వచ్చి, చల్లగా ఉందని గదిలోకి వచ్చాడు.

మా ఊళ్లో కొండ కింద ఒక దిగుడుబావి ఉంది. అందులో మోచెయ్యంత కొర్రమీను ఒకటుండేది. అది గంగమ్మ చేప అనీ, బావి అడుగు నుంచి ఆత్మకూరు చెరువు దాకా సొరంగం ఉందనీ, ఎండలు ముదిరాక చేప ఆ దారిన వెళ్లి వానాకాలం తిరిగొస్తుందనీ నమ్మకం. చేప ఉన్నంతకాలం ఆ బావిలో వల వేయకూడదు, మోటరు పెట్టకూడదు. బిందెతో ముంచుకుంటే తప్పులేదు.

"ఎండాకాలం అది బురదలోకి దూరుతుంది పెద్దాయనా. కొర్రమీను గుణమే అంత. సొరంగమూ లేదు, ప్రయాణమూ లేదు" అన్నాను.

"నువ్వు చూసినావా?"

"మీరు చూసినారా?"

"మా తాత చూసినాడు."

"మా తాత ఎగిరే గుర్రాన్ని కూడా చూశానన్నాడు!"

"మీ తాత చూడగలిగినోడే, తాగితే" అన్నాడు వెంకురెడ్డి. ఫ్యాను కింద నిద్రపోతున్న పదిమంది కూడా లేచి నవ్వారు.

ఆ నవ్వు నాకు ఎక్కడో తగిలింది. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అప్పుడే పెంచలయ్య లేచాడు. వాడు నాతో పదో తరగతి దాకా చదివి, తర్వాత గొర్రెలు మేపుకుంటున్న నా స్నేహితుడు. ఉపన్యాసం కోసం రాలేదు పాపం, పెద్దాయన్ని బతిమాలుకోవడానికి వెంట వచ్చాడు.

"పెద్దాయనా, చేప సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నాకు నలబై గొర్లుండాయి. మర్రిపాడు రోడ్డు పట్టుకోని నీళ్లకు తోలకపోతా ఉండా. దోవలోనే రెండు పిల్లలు పడిపోయినాయి. బావిలో నీళ్లుండాయి. ఒక్క మోటరు పెట్టి తొట్టి నింపుకోనీండి. నాలుగు మందలు బతకతాయి."

"గంగమ్మ చేప ఉండేచోట మోటరు పెడితే ఊరికి అరిష్టం గాదట్రా?"

"చేప ఆత్మకూరు పోదని నేను రుజువు చేస్తే?" అన్నాను. మోకాలు అప్పటికే ఊగడం మొదలైంది.

"చేస్తే మోటరు పెట్టుకోండి. చెయ్యలేకపోతే వానలు పడేదాకా బావి మాటెత్తొద్దు. నువ్వు గాదు, పెంచలయ్య గూడా."

పెంచలయ్య నా చొక్కా పట్టి లాగాడు. "రేయ్, పందెం వొద్దురా. ఇంకో రెండుసార్లు అడిగితే ఆయనే మెత్తబడతాడు."

"నువ్వుండ్రా. ఇది నీ గొర్రెల సమస్య కాదు, శాస్త్రం సమస్య" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు తలుచుకుంటే సబ్బుతో కడగాలనిపిస్తుంది.

ఒప్పందం నేనే కాగితం మీద రాశాను. 'చేపకు కట్టిన నంబరు ఒకటి వేసిన చెక్క పది రోజుల్లోగా ఆత్మకూరులో దొరికితే సొరంగం ఉన్నట్టు. దొరక్కపోతే లేనట్టు.' వెంకురెడ్డి చదివి, "చెరువులో దొరికితే అని రాయి, తర్వాత తగాదా ఎందుకు" అన్నాడు. నేను దానశూరుడిలా చెయ్యి ఊపాను.

"చెరువే ఎందుకు పెద్దాయనా? కాలవలో, గుంటలో, బోరింగు కింద, ఆత్మకూరులో ఎక్కడ దొరికినా సరే, నేను ఓడినట్టే!"

సంతకాలు అయిపోయాయి. పెంచలయ్య మాత్రం ఆ కాగితం వైపు, కసాయి కొట్టు ముందు నిలబడ్డ గొర్రెలా చూశాడు.

ఇక పరికరం కావాలి. ఉపగ్రహం నా స్థోమతకు అందదు కాబట్టి, నా పథకం ఇది: తేలికైన కొయ్యముక్కను సన్నటి ఇనుప తీగతో చేపకు కడతాను. వారం పదిరోజుల్లో తీగ తుప్పుపట్టి తెగుతుంది. కొయ్య బావిలోనే పైకి తేలుతుంది. చేప ఎక్కడికీ పోలేదని లోకం ఒప్పుకుంటుంది. మాది చెక్క గరిటెలకు పేరున్న ఊరు కాబట్టి మస్తానన్న దగ్గరికి వెళ్లాను. నలబై ఏళ్లుగా గరిటెలు చెక్కుతున్న మనిషి.

"అన్నా, తేలిక చెక్కతో ఒకటి చెక్కి పెట్టాలి. ముందు గుండ్రంగా ఉబ్బాల, వెనక సన్నంగా పొడుగ్గా ఉండాల."

"గరిటె."

"గరిటె కాదన్నా. పరికరం. ఇదో, బొమ్మ గీసినా."

బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ పరికరంతో ఏం కలపతారు?"

"ఏమీ కలపరు. చేపకు కడతారు."

"చేపకు గరిటె నువ్వు కట్టేదేంది సామీ? పులుసు అయినాక అదే కూడుకుంటాది గదా!"

విజ్ఞానం విలువ తెలియని మాటలని లోపల జాలిపడ్డాను. సాయంత్రానికి పరికరం ఇచ్చాడు. పాపం, ఆయన చెయ్యి నలబై ఏళ్లుగా ఒకే దారిలో నడిచింది. గరిటె కాకూడదని నేనెంత మొత్తుకున్నా, ఉబ్బుకు లోపల కొంచెం గుంట పెట్టకుండా ఉండలేకపోయాడు. తోక మీద ఎర్రగా కాల్చిన కడ్డీతో ఒకటి అంకె వేశాడు. చివర తీగకు చిల్లు పెట్టాడు. జానెడు కంటే పొడుగుంది, నున్నగా మెరుస్తోంది. దాన్ని చూసి ధ్రువ శాస్త్రవేత్తలు కూడా అసూయపడతారనుకున్నాను.

చేపను పట్టిన రోజు బావి మెట్ల మీద యాభైమంది. అవ్వ మాత్రం ఆ రోజు ఊళ్లో లేదు, చుట్టాలింటికి వెళ్లింది. వెంకురెడ్డి ఒక్కసారికి వలకు సెలవిచ్చాడు, టెంకాయ కొట్టి.

"శాస్త్రానికి టెంకాయ ఎందుకు పెద్దాయనా?"

"నీ శాస్త్రానికి గాదు. నువ్వు బావిలో పడకుండా."

వల మూడోసారికి చేప పడింది. దాని పొడుగు కొలిచాను, నోటుబుక్కులో రాశాను. వీపు రెక్క మొదట్లో తీగ దూర్చి చెక్క కట్టాను. నీళ్లలోకి వదలగానే చేప మునిగింది. ఒక్క క్షణం ఆగి మళ్లీ పైకి వచ్చింది. మళ్లీ మునిగింది, మళ్లీ పైకి.

"అదేందిరా అట్ట కొట్టుకుంటా ఉండాది?" అన్నాడు పెంచలయ్య.

"అలవాటు పడుతోంది. కొత్త చెప్పులు వేసుకుంటే నువ్వు కుంటవా?"

"నాకు చెప్పుల్లేవు" అన్నాడు వాడు.

ఆ మర్నాటి నుంచి పది రోజులు నేను పడిన ఆరాటం చెప్పనలవి కాదు. మొదటి మూడు రోజులూ పొద్దున ఉదయగిరి బావి గట్టు, మధ్యాహ్నం ఆత్మకూరు చెరువు గట్టు. రెండు గట్ల మధ్య బస్సులో నిలబడే ప్రయాణం, సీటున్నా సరే. చెరువు గట్టున చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే బర్రెలు తోలేవాళ్లు "ఏం పోయినాది సార్?" అని అడిగేవాళ్లు. "ఏదీ పోలేదు. ఏదీ రాకూడదని చూస్తున్నా" అనేవాణ్ణి. మూడో రోజుకల్లా నన్ను చూసి బర్రెలే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టాయి. అన్నం మెతుకు దిగేది కాదు. ఇంటికెళితే పళ్లెం ముందు కూర్చుని "చేప... చేప..." అని గొణిగేవాణ్ణట. నాకు తెలియదు, తర్వాత అవ్వ చెప్పింది.

నాలుగో రోజు నుంచి ట్యూషను పిల్లలు ఊరుకోక నేను ఆత్మకూరులోనే ఉండిపోవాల్సి వచ్చింది. పెంచలయ్య మందను తోలుకుని మర్రిపాడు వైపు పోయాడు. బావిని చూసేవాళ్లెవరు? బయల్దేరుతూ గడపలో నిలబడి, ఒక కాలు చెప్పులో పెట్టి, అవ్వతో చెప్పాను.

"అవ్వా, బావికి నీళ్లకు పోతావు గదా. ఆడ చెక్కముక్క అవుపడితే తీసి బస్సులో నాకు పంపియ్యి. మరిచిపోబాక."

"ఏం చెక్క నాయనా? ఎందుకు?"

"అదంతా నీకు చెప్తే అర్థం కాదులే. చాలా పెద్ద సంగతి."

ముక్కూ మొహం తెలియని ముప్పైమందికి గంటసేపు చెప్పినవాణ్ణి, అవ్వకు రెండు నిమిషాలు చెప్పలేదు. బస్సు వచ్చేసింది.

పదో రోజు ఆదివారం. బట్టల కొట్టు మీది గదిలో తీర్పు. వెంకురెడ్డి ఒప్పందం కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. పెంచలయ్య మందను ఎవరికో అప్పజెప్పి వచ్చాడు. వారం రోజుల ఎండలో వాడి మొహం పెంకులా మాడిపోయింది. ఇంకో గొర్రె పోయిందట. పొద్దున నుంచి చెరువు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాను. చెక్క లేదు. మిగతా వేదిక సభ్యులు సాయంత్రం తీర్పు చూద్దామని భోజనాలకు వెళ్లిపోయారు.

"పొద్దు మునిగేదాకా టైముండాది" అన్నాడు వెంకురెడ్డి.

"మునగనీండి. రావలసింది ఏదీ లేదు" అన్నాను, గెలుపు అప్పటికే నా గొంతులో కూర్చుని ఉంది.

అప్పుడే కింద నుంచి డ్రైవరు కేక వేశాడు. "మాస్టరూ, అవ్వ క్యారియరు!"

శత్రువుకు కూడా భోజనం పెట్టడం హేతువాది సంస్కారమని ఇద్దర్నీ కూర్చోబెట్టాను. మూత తీయగానే గదంతా చేపల పులుసు వాసన. పులుసులోనే ఒక గరిటె కూడా వేసి పంపింది అవ్వ. వడ్డించాను. తిన్నాం. అన్నం సయించక పది రోజులైన నేను రెండుసార్లు కలుపుకున్నాను. వెంకురెడ్డి ముల్లు పక్కన పెట్టి, వేళ్లు నాకి, నిట్టూర్చాడు.

"మీ అవ్వ చెయ్యి చెయ్యేరా సీనా. ఏం చేప ఇది?"

"కొర్రమీను పెద్దాయనా. ఇంకో ముక్క వెయ్యనా?"

"తలకాయ ఉంటే అదీ వెయ్యి."

పెంచలయ్య గరిటె అందుకుని తల వడ్డించబోయి ఆగాడు. గరిటెను అటూ ఇటూ తిప్పాడు. దాని తోకను తుండుగుడ్డతో తుడిచాడు.

"రేయ్ సీనా. ఈ గరిటె మీద ఒకటి అని ఉండాదేందిరా?"

"మస్తానన్న కొట్లో ధర వేసుంటారు."

"చివర చిల్లుండాది. చిల్లులో తుప్పు తీగుండాది."

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగాలా ఉమ్మాలా అన్న విషయం మీద శాస్త్రంలో ఎక్కడా సమాధానం లేదు. ఫోను తీసి అవ్వకు చేశాను. చేతులకు పులుసు, స్పీకరు నొక్కక తప్పలేదు.

"అవ్వా, చేప యాడిది?"

"బావిది నాయనా. తిన్నావా?"

"బావిలో చేపను ఎవురు పట్టినారవ్వా!"

"ఎవురూ పట్టలేదు. అదే నీళ్ల మీద పడుకోనుండాది. ఎవురో పాపిష్టోళ్లు దాని వీపుకు కొయ్య కట్టినారు. మునగలేక, తేలలేక అల్లాడతా ఉండాది. నేను బిందె ముంచితే బిందెలోకొచ్చినాది. ఇంగ బతికే తీరులేదు దానికి."

"గంగమ్మ చేప గదవ్వా!"

"అందుకే గదా పట్టలేదు. వచ్చినాది. నువ్వు కూడు తినకుండా చేప చేప అని కలవరిస్తా ఉంటివి. గంగమ్మే పంపించినాదని చేసి పంపించినా. చెక్క అవుపడితే పంపియ్యమంటివి గదా, కడిగి అందులోనే ఏసినా. అందిందా?"

"అందింది" అన్నాను.

ఆ వ్యాసం చివరి పేరా ఆ రాత్రి చదివాను. పరికరం చేప కదలికను మార్చనంత చిన్నదిగా, తేలిగ్గా ఉండాలట. లేకపోతే మనం చూసేది చేప ప్రయాణం కాదట, మన పరికరం చేసిన అల్లరట. నేను కట్టింది జాడ తీసే పరికరం కాదు, గాలం. ధ్రువాల దగ్గర ముక్కూ మొహం తెలియని పడవవాళ్లకు కూడా ముందే అన్నీ వివరిస్తారు. నేను నా సొంత అవ్వకు చెప్పలేదు.

కాని ఆ మధ్యాహ్నం గదిలో ఇవేవీ ఆలోచించే తీరిక లేదు. వెంకురెడ్డి ఎడం చేత్తో జేబులోంచి కాగితం తీశాడు.

"నంబరు ఒకటి ఏసిన చెక్క, పది రోజుల్లో, ఆత్మకూరులో. దొరికిందా లేదా?"

"పెద్దాయనా, అది బస్సులో వచ్చింది!"

"బస్సులో రాకూడదని రాసినావా?"

"క్యారియరులో వచ్చింది!"

"యాడ దొరికినా సరే అంటివి. చెరువని రాయమంటే చెయ్యూపితివి. పైగా పంపియ్యమని చెప్పినోడివి కూడా నువ్వే. ఓడినావురా."

కాగితం మీదికి వంగి నా రాతే నేను మళ్లీ చదువుకున్నాను. పెంచలయ్య వైపు చూడలేకపోయాను. వానలకు ఇంకా రెండు నెలలుంది. వాడి మందలో ఎన్ని మిగులుతాయో లెక్కవేస్తున్నట్టు పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. వాదం నాది, ఆకలీ దప్పికా వాడి గొర్రెలవి.

పెంచలయ్యే మెల్లగా మొదలుపెట్టాడు.

"పెద్దాయన చెప్పింది రైటేరా. సొరంగం ఉండాది. చేప ఆత్మకూరుకు వచ్చినాది. అది గంగమ్మ చేపే. నేను ఒప్పుకుంటా ఉండా." ఆగి, వెంకురెడ్డి పళ్లెం వైపు చూశాడు. "ఇంతకూ గంగమ్మ చేప తలకాయ ఇప్పుడు ఎవురి పళ్లెంలో ఉండాది పెద్దాయనా?"

వెంకురెడ్డి పళ్లెం వైపు చూశాడు. పళ్లెంలోంచి గంగమ్మ చేప ఆయన వైపు చూసింది.

"అది ఒట్టి కొర్రమీనే అయితే సొరంగం లేదు, రేపు మోటరు పెడతాం" అన్నాడు పెంచలయ్య. "గంగమ్మ చేపే అయితే ఊళ్లో ఏమని చెప్దాం?"

చూశారా? ఇరవై పుస్తకాలు చదివిన నాకు తట్టని తర్కం, గొర్రెల వెంట తిరిగినవాడికి తట్టింది. పెద్దాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడిగిన చెయ్యే మళ్లీ కడిగాడు. తిరిగొచ్చి, ఊరిపెద్ద గొంతుతో తీర్పు చెప్పాడు.

"గంగమ్మ చేప ఆత్మకూరుకు ఎల్లిపోయినాది. ఈసారి తిరిగి రాదు. చేప లేని బావికి మోటరు పెడితే తప్పేంది? పెంచలయ్యా, రేపే పెట్టుకో. పులుసు మాట బయటికొచ్చిందంటే మాత్రం ఊరుకోను. సీనా, నువ్వు చదువుకున్నోడివి. చెక్క ఆత్మకూరులో దొరికినాదని రాసి సంతకం పెట్టు. నీ మాటైతే జనం నమ్ముతారు."

"నేనా? సొరంగానికి సాక్ష్యమా? చచ్చినా పెట్టను!"

పెంచలయ్య నా మొహంలోకి చూశాడు. పెంకులా మాడిన మొహం. ఇది గొర్రెల సమస్య కాదని నేనన్న మాట నాకే వినిపించింది.

'నంబరు ఒకటి వేసిన చెక్క ఆత్మకూరులో దొరికినది' అని రాశాను. వెతికి చూడండి, అందులో ఒక్క అబద్ధం లేదు. అక్షరం అక్షరం నిజమైన వాక్యంతో అంత పెద్ద బొంకు చెప్పవచ్చని ఏ గురువూ నాకు నేర్పలేదు. సంతకం చేశాను. పులుసు మరక కూడా పడింది, అదొక్కటే ఆ కాగితం మీద నిజాయితీగా ఉన్నది.

మర్నాడు మోటరు పెట్టారు. తొట్టి నిండింది. పెంచలయ్య గొర్రెలు మూతులు ముంచి తాగుతుంటే ఆ చప్పుడు నాకు ఏ చప్పట్లకన్నా హాయిగా వినిపించింది. అంతలో పక్కనే నిలబడ్డ ఎవరో అన్నారు: "చూసినారా, సైన్సు మాస్టరే చెక్క కట్టి రుజువు చేసినాడు. సొరంగం నిజమే!" ఖండించాలని నా చెయ్యి గాల్లోకి లేచింది. పెంచలయ్య దాన్ని పట్టుకుని కిందికి దించాడు.

ఆ గరిటెను ఇప్పుడు మీరు చూడాలనుకుంటే బావి మెట్ల పక్కన గూట్లో ఉంది. పసుపు పూసి కుంకుమ పెట్టారు. కొత్తగా పెళ్లైనవాళ్లు వచ్చి మొక్కుతారు. పుట్టిన నాటి నుంచి దేవుళ్లను తగ్గిద్దామని తిరిగినవాణ్ణి, నా చేతుల మీదుగా ఒక దేవత పెరిగింది. అదీ మస్తానన్న చెక్కిన గరిటె రూపంలో.

యూట్యూబు వాళ్లు వెళ్లాక వెంకురెడ్డి పెద్దాయన ఇంటికెళ్లి, ఇక రాసేస్తానన్నాను. ఎనభై దాటాడిప్పుడు. "రాసుకో పోరా. తలకాయ బాగుండాదని కూడా రాయి" అన్నాడు.

అవ్వకు ధ్రువ చేపల సంగతి ఇన్నాళ్లకు కూర్చుని చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మంచు, లోతు, బిళ్ల, పడవవాళ్లు, అన్నీ అర్థం చేసుకుంది. "అంతేనా? ఇది ఆరోజే చెప్పుంటే చేపను తిరిగి వదిలేసుందును గదా నాయనా" అంది. తర్వాత ఒక్క ప్రశ్న అడిగింది: "అంత చల్లటి నీళ్ల చేప గదా, కొవ్వుంటాదేమో. పులుసుకు బాగుంటాదా?"

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, ఉత్తర దక్షిణ ధ్రువాలు రెండింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వ్యాసమైనా చివరి పేరా చదివేదాకా బస్సు దిగను. లోకానికి చెప్పేముందు అవ్వకు చెబుతాను. ప్రాణమున్న దేనికీ ప్రాణం లేని గరిటెను కట్టను. ఒకవేళ ఎప్పుడైనా, ఎక్కడైనా, ఒక చేప జాడ తెలియక ఆరాటపడాల్సి వస్తే, ముందు నా పళ్లెం వెతుక్కుని, ఆ తర్వాతే సముద్రం వైపు చూస్తాను.